గేటు మూసుకుందో లేదో ఎవరు చెప్పాలి?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో స్మార్ట్ హోమ్ గురించి ఒక పేజీ వేసినారు కదా సార్, లైట్లు, ఫ్యాన్లు, గీజర్ల వరకు బాగానే ఉండాది. చివర్లో మాత్రం గ్యారేజీ డోర్ ఓపెనర్‌ను, అంటే కారు షెడ్డు తలుపు తీసే మోటారును కూడా ఇంటి ఆటోమేషన్‌కు కలుపుకోవచ్చు, కార్లో నుంచే ఫోన్ నొక్కితే తెరుచుకుంటాది అని రెండు లైన్లు రాసి వదిలేసినారు. అది చదివి గమ్మున ఉండలేక రాస్తా ఉండా. తిరుపతిలో గేట్లకు, షట్టర్లకు మోటార్లు బిగించే పని నాది, చానా ఏళ్ళ నుంచి ఇదే పని. లైటు వెలగకపోతే కాసేపు చీకట్లో కూర్చుంటాం. గేటు అంటే కొన్ని వందల కిలోల ఇనుము సార్, కదిలేటప్పుడు దారిలో ఎవరున్నారో దానికి తెలీదు, తెలిసే ఏర్పాటు మనం చేస్తేనే తెలుస్తాది. అందుకే దాని గురించి రెండు లైన్లు చాలవు.

మీరు ఫోటో వేసినారే, మడతలు మడతలుగా పైకి పోయే తలుపు, అది అమెరికాలో ఉండేది. ఆడ కారు షెడ్డు ఇంట్లోనే కలిసి ఉంటాది, తలుపు సీలింగు కిందికి జరుగుతాది, మోటారు పైన వేలాడతా ఉంటాది. మన దగ్గర ఎం.ఆర్.పల్లెలోనో బైరాగిపట్టెడలోనో సొంతిల్లు కట్టుకున్నోళ్ళకు పక్కకు జరిగే స్లైడింగ్ గేటు, గోడ పక్కన జాగా లేకపోతే రెండు రెక్కల గేటు, కింద అంగడి ఉంటే రోలింగ్ షట్టరు. ఈ ఫోన్ పిచ్చి మాత్రం సగం అమెరికా నుంచే దిగింది. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, వాళ్ళింట్లో ఫోన్‌తో తలుపు తీస్తా ఉంటాడు, సంక్రాంతికి వచ్చి "ఇంకా నువ్వే లేచిపోయి గేటు తోస్తా ఉండావా నాయనా" అంటాడు, తిరిగి పోయే లోపల ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి పోతాడు. మంచిదే, మోకాళ్ళ నొప్పులున్న పెద్దోళ్ళకు అంతకంటే ఏం కావాల. ఒకాయన కొడుకైతే ఏకంగా ఓపెనర్‌నే పెట్టెలో పెట్టుకోని తెచ్చినాడు. అది అక్కడి కరెంటుకు చేసింది, 120 వోల్టులది, 60 హెర్ట్జ్‌ది, రిమోట్ 315 మెగాహెర్ట్జ్ మీద పోతాది, మన గేట్ల రిమోట్లేమో 433 మీద, అయినా సీలింగుకు వేలాడదీసేదాన్ని స్లైడింగ్ గేటుకు యాడ తగిలించేది చెప్పండి. ఆ అట్టపెట్టె ఇప్పటికీ వాళ్ళ మిద్దె మీద గదిలోనే ఉండాది.

కలపడం ఎట్లనో మీ పేజీలో లేదు కాబట్టి నేను చెప్తా. పద్ధతి యాడైనా ఒకటే. మోటారు పెట్టె మూత తీస్తే లోపల ఒక బోర్డు, బోర్డు అంచున ఆకుపచ్చ టెర్మినల్ పట్టీ, స్క్రూల పక్కన చిన్న అక్షరాలు, కామ్ (అన్నిటికీ ఉమ్మడిది), ఓపెన్, క్లోజ్, స్టాప్, ఫోటో, ఇట్ల. కామ్‌కు ఓపెన్‌కు మధ్య వైరు అరసెకను తాకించి తీసేస్తే గేటు కదులుతాది. గోడకు పెట్టే బెల్ స్విచ్ చేసేది ఆ పనే. దాని పక్కన ఒక రిలే, అంటే సిగ్నల్ ఇస్తే దానంతటదే పడే స్విచ్చు, పెట్టి వైఫైతో నడిపితే అదే మీ స్మార్ట్ గేటు, ఇందులో మాయ ఏం లేదు. ఈఎస్‌పీ 8266 అనే వైఫై చిప్పున్న రిలే బోర్డు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాది.

చానా మంది బోర్డులు కాల్చుకునేది కూడా ఈడే. రిలేల్లో డ్రై కాంటాక్ట్ అని ఒక రకం, అది ఉట్టి స్విచ్, దాన్నుంచి కరెంటు బయటికి రాదు. లైట్లకు ఫ్యాన్లకు వాడే రకం వేరే, సోనాఫ్ బేసిక్ లాంటివి, అవి ఆన్ అయితే 230 వోల్టులు బయటికి పంపిస్తాయి, వాటి పనే అది. దాన్ని తీసుకొచ్చి గేటు బోర్డు టెర్మినల్‌కు కలిపితే 12, 24 వోల్టుల మీద బతికే బోర్డులోకి 230 దూరతాది, టప్‌మని ఒక శబ్దం, కాలిన వాసన, కథ అయిపోయింది. షెల్లీ 1 అనే రిలే లాంటిదాంట్లో డ్రై కాంటాక్ట్ ఉంటాది, సోనాఫ్ కంపెనీలోనే 4సీహెచ్ ప్రో అనే రకం ఉంది. డ్రై కాంటాక్టేనా అని అంగట్లో ఒక్క మాట అడగండి, వాళ్ళకు ఆ మాటే తెలీకపోతే ఇంకో అంగడికి పోండి.

నేను అసలు రాయాలనుకున్నది ఇది. ఇళ్ళకు బిగించే బోర్డుల్లో జాస్తి వాటిని ఒకే బటన్‌తో నడుపుతారు, ఒకసారి నొక్కితే తెరుచుకుంటాది, మధ్యలో నొక్కితే ఆగుతాది, మళ్ళీ నొక్కితే మూసుకుంటాది. రిమోట్ పట్టుకోని గేటు ముందర నిల్చున్నోనికి ఇబ్బంది లేదు, కండ్లతో చూస్తా ఉంటాడు. బెంగళూరు నుంచి ఫోన్లో నొక్కేటోనికి ఏం కనపడతాది? గేటు తెరిచి పెట్టి వచ్చినానేమో అనే అనుమానంతో రాత్రి పడుకునే ముందర ఒకసారి నొక్కుతాడు, మూసి ఉన్న గేటు కాస్తా బార్లా తెరుచుకుంటాది, ఈయనేమో మూసేసినా అనుకోని నిద్రపోతాడు. యాప్‌లో గేటు బొమ్మ చూపిస్తాది కదా అంటారు. ఆ బొమ్మ గేటును చూసి చెప్పేది కాదు సార్, తాను పంపిన ఆర్డర్లను లెక్కేసుకోని చెప్పేది. మధ్యలో పనామె రిమోట్‌తో తీసిందనుకోండి, లేకపోతే కరెంటు పోయి సగంలో ఆగిందనుకోండి, ఆ లెక్క తప్పిపోతాది, బొమ్మకు మాత్రం సిగ్గుండదు, మూసి ఉంది అనే చూపిస్తా ఉంటాది.

దీనికి మందు రీడ్ స్విచ్. చిన్న గాజు గొట్టంలో రెండు సన్న రేకులు, అయస్కాంతం దగ్గరికొస్తే కరుచుకుంటాయి, దూరం పోతే విడిపోతాయి, అంతే అది. గేటు పూర్తిగా మూసుకునే చోట స్తంభానికి ఒకటి, పూర్తిగా తెరుచుకునే చోట ఒకటి, గేటుకు అయస్కాంతం. మొదటిది కరుచుకుంటే మూసినట్టు, రెండోది కరుచుకుంటే తెరిచినట్టు, రెండూ విడిపోయి ఉంటే మధ్యలో యాడనో ఆగినట్టు. అమెరికా తలుపులకైతే తలుపు పడుకోనుందో నిలబడి ఉందో చెప్పే టిల్ట్ సెన్సర్ పెడతారు. ఈ రెండు స్విచ్‌ల వైర్లు అదే ఈఎస్‌పీ బోర్డుకు ఇచ్చి, ఆ బోర్డు ఏం చేయాలో చెప్పే ఈఎస్‌పీహోమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో రాసుకుంటే ఫోన్‌కు వచ్చేది ఊహ కాదు, నిజం. బోర్డులో ఓపెన్, క్లోజ్ వేరే వేరే టెర్మినళ్ళుంటే రెండు రిలేలు వాడండి, అప్పుడు మూసిన గేటును మళ్ళీ మూయమన్నా అది కదలదు, గొడవే లేదు. ఇంకా చెప్పాలంటే, ఫోన్‌తో గేటు తెరవడం కన్నా, రాత్రి పదైనా గేటు తెరిచే ఉందని ఫోన్ మనకు చెప్పడం నాకు జాస్తి పనికొచ్చేదిగా అనిపిస్తాది. సెన్సర్ వద్దు, రిలే చాలు, డబ్బులు తగ్గించుకో అనేవాళ్ళకు నేను బిగించను, మొహం మీదే చెప్తా.

కరెంటు సంగతి కూడా ఉండాది. కొన్ని రిలేలు కరెంటు పోయి వచ్చినప్పుడు పాత స్థితికి పోతాయి, కొన్ని ఆన్‌లో లేస్తాయి. రాత్రి రెండింటికి కరెంటు వస్తానే రిలే టక్కుమంటాది, గేటు తెరుచుకుంటాది, ఇంట్లో అందరూ నిద్రలో. యాప్‌లో పవర్ ఆన్ స్టేట్ అని ఉంటాది, దాన్ని ఆఫ్‌లో పెట్టాల, ఇంచింగ్ అనేదాన్ని, అంటే రిలే ఎంతసేపటికి దానంతటదే వదిలేయాలనేదాన్ని, అరసెకనో సెకనో పెట్టాల. ఇంచింగ్ పెట్టకపోతే రిలే కరుచుకోని ఉండిపోతాది, బోర్డు ఎవరో బటన్ నొక్కి పట్టుకున్నారనుకుంటాది, రిమోట్ కూడా పని చేయదు, అప్పుడు మోటారు పాడైపోయిందని మాకు ఫోన్ చేస్తారు.

ఇక ఫోటోసెల్. గేటుకు రెండు పక్కలా మోకాలెత్తున నల్ల కండ్లు లాంటివి ఉంటాయి చూడండి, ఒకటి కంటికి కనపడని కిరణం వేస్తాది, ఇంకోటి పట్టుకుంటాది, మధ్యలో ఏదన్నా అడ్డమొస్తే మూసుకునే గేటు ఆగి వెనక్కి పోతాది. మన ఊర్లో దీనికి శత్రువు ఆవు. సందులో తిరిగే ఆవొచ్చి గేటు నీడన నిలబడుకుంటాది, గేటు మూసుకోదు. సాలీడు గూడు కట్టినా అంతే, సాయంత్రం ఎండ నేరుగా కంట్లో పడినా కొన్ని రకాలకు అంతే. ఓనరు ఫిట్టర్‌ను పిలిచి తిడతాడు. వాడేం చేస్తాడు, ఫోటో టెర్మినల్‌కు కామ్‌కు మధ్య ఒక ముక్క వైరు బిగించేసి పోతాడు. అంగుళం పొడుగు ఎర్ర వైరు ముక్క, ఇక ఆ ముక్క బోర్డుకు జీవితాంతం దారి ఖాళీగా ఉందనే చెప్తా ఉంటాది. పాత మోటార్ల మూత తీసినప్పుడు నేను ముందు వెతికేది దాన్నే, కనపడని ఇల్లు తక్కువ. రిమోట్‌తో ఎదురుగా నిల్చోని మూసేటోడు ఏదో చూసుకుంటాడులే అనుకుందాం, అదే గేటును ఫోన్‌కు కలిపి యాడనో కూర్చోని మూస్తే? పొద్దున్నే గేటు పట్టా పక్కనే కూర్చోని ముగ్గేస్తా ఉంటారు మనోళ్ళు, చిన్న పిల్లోళ్ళు గేటు పట్టుకోని ఊగుతా ఉంటారు. అమెరికాలో పిల్లలు తలుపుల కింద పడి చనిపోయినాకనే చట్టం తెచ్చినారు, 1993 జనవరి నుంచి తయారయ్యే ఇంటి ఓపెనర్లకు ఈ కండ్లో, అట్లాంటి ఇంకో రక్షణో లేకుండా అమ్మకూడదు. ఎదురుగా మనిషి లేకుండా దూరం నుంచి మూసేటట్టయితే కదిలే ముందర లైటు మెరవాల, బీప్ కొట్టాల అని కూడా అక్కడి స్టాండర్డ్‌లో ఉంది. మన మోటార్లలో కూడా ఫ్లాష్ లైటుకు టెర్మినల్ ఉంటాది, దానికి లైటు పెట్టి, పక్కన ఒక బజర్ పెట్టించుకోవడానికి పెద్ద ఖర్చేం కాదు. ఎర్ర ముక్క తీయకుండా ఫోన్ కనెక్షన్ ఇచ్చే ఫిట్టర్‌ను మాత్రం ఇంట్లోకి రానీయొద్దండి.

కంపెనీ యాప్‌ల గురించి మీరు బాగా పొగిడినారు. దాని గురించి జరిగినవే రెండు చెప్తా. అమెరికాలో గ్యారేజీ ఓపెనర్లకు చాంబర్లెయిన్ పెద్ద కంపెనీ, వాళ్ళ యాప్ పేరు మైక్యూ. జనం దాన్ని హోమ్ అసిస్టెంట్ అనే, ఇంట్లో పరికరాలన్నీ ఒకే చోట నుంచి నడిపే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కు కలుపుకోని వాడుకుంటా ఉన్నారు, 2023 చివర్లో కంపెనీ బయటి సాఫ్ట్‌వేర్లకు దారి మూసేసింది, ఆ డిసెంబర్ వెర్షన్‌లో హోమ్ అసిస్టెంట్ వాళ్ళు మైక్యూ కనెక్షన్‌నే తీసేసినారు. తలుపు నాది, మోటారు నాది, నా ఇంట్లో ఇంకోదానికి కలుపుకోవడానికి ఎవరి పర్మిషనో కావాల. ఆ కంపెనీ కొత్త ఓపెనర్లలో, రిమోట్‌ను జత చేసే లెర్న్ బటన్ పసుపు రంగులో ఉండేవాటిలో, నేను పైన చెప్పినట్టు రెండు వైర్లు తాకించినా కదలదు, గోడ బటన్ బోర్డుతో కోడ్ భాషలో మాట్లాడతాది. దానికీ ఒకాయన రాట్‌జీడీఓ అని చిన్న బోర్డు చేసినాడు, అది ఆ భాష నేర్చుకోని నేరుగా ఓపెనర్‌తో మాట్లాడతాది, ఇంటర్నెట్‌తో పని లేదు. రెండోది గ్యారేజీలను ఫోన్‌కు కలిపే పరికరాలు చేసే నెక్స్ అనే కంపెనీది. వాళ్ళ పరికరాలన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకోనుంటే ఒక పరిశోధకుడు దాన్ని కనిపెట్టినాడు, దాంతో ఎవరి గ్యారేజీనైనా యాడ నుంచైనా తెరవచ్చు, 2023 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థే హెచ్చరిక ఇచ్చింది. ఇదెట్ల ఉందంటే మన ఇంటి తాళం చెవి తీసుకుపోయి ఊరు పేరు తెలీనోని దగ్గర పెట్టి, ఇంటికి పోయినప్పుడల్లా వాణ్ణి అడుక్కున్నట్టుంది.

అందుకని నేను చెప్పేది, బుర్ర ఇంట్లోనే పెట్టుకోండి. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటరో ఇంకేదన్నా పాత చిన్న కంప్యూటరో పెట్టి హోమ్ అసిస్టెంట్ వేసుకుంటే, రౌటర్‌కు కరెంటు ఉన్నంత సేపు ఇంటర్నెట్ పోయినా ఇంట్లో గేటు పనిచేస్తాది. ఊరి బయట నుంచి కావాలంటే వీపీఎన్, అంటే మన ఫోన్‌కు ఇంటికి మధ్య తాళమేసిన దారి, పెట్టుకోండి, బయటోళ్ళు లోపలికొచ్చేటట్టు రౌటర్లో పోర్టులు తెరిచి పెట్టొద్దు. ఇది నా చేత కాదు అనుకునేవాళ్ళు ఇంజనీరింగ్ చదివే మన పిల్లోళ్ళను పట్టుకోండి, తిరుపతిలో వాళ్ళకేం కరువా.

ఫోన్ కన్నా ముందర రిమోట్‌ను చూసుకోమని కూడా రాసుంటే బాగుండేది. తక్కువ ధర రిమోట్లలో కోడ్ ఎప్పుడూ ఒకటే, మారదు. తాళాలు చేసే అంగట్లో దాని పక్కన ఖాళీ రిమోట్ పెట్టి రెండు బటన్లు నొక్కితే కాపీ అయిపోతాది, పనామెకు ఒకసారి ఇచ్చిన రిమోట్‌కు ఎన్ని కాపీలున్నాయో ఆ దేవునికే తెలియాల. చిన్న చిన్న స్విచ్‌లతో కోడ్ పెట్టే పాత రకం అయితే ఇంకా ఘోరం, 12 స్విచ్‌లంటే మొత్తం 4096 కోడ్‌లే, సామీ కామ్‌కార్ అనే ఆయన 2015లో పిల్లల మెసేజింగ్ బొమ్మ ఒకదాన్ని మార్చి అట్లాంటి గ్యారేజీలను పది సెకన్లలోపలే తెరవచ్చని చూపించినాడు. నొక్కినప్పుడల్లా కోడ్ మారే రోలింగ్ కోడ్ రిమోట్ తీసుకోండి. కోడ్ మారని రిమోట్ పెట్టుకోని యాప్ పాస్‌వర్డ్ గురించి వర్రీ అవడంలో అర్థం లేదు.

తిరుపతికి మాత్రమే ఉండే తంటా ఒకటుంది. ఈడ ఇల్లుంటే చుట్టాలకు లెక్కుండదు కదా, దర్శనానికొచ్చేవాళ్ళు రాత్రి పన్నెండుకు దిగుతారు, తెల్లారుజామున మూడుకు బయల్దేరతారు, గేటు తీయలేక ఓనర్లకు ప్రాణం పోతా ఉంటాది, ఫోన్ గేటుకు నా దగ్గరికొచ్చేవాళ్ళలో చానా మంది చెప్పే కారణం ఇదే. సరే, బిగిస్తాం. వారం తిరక్కముందే ఓనరే కొండకు పోతాడు, గుడి క్యూలోకి పోయే ముందర ఫోన్ డిపాజిట్ కౌంటర్లో ఇచ్చేస్తాడు, ఈలోగా చుట్టాలు గేటు ముందర లగేజీతో నిలబడుకోని ఫోన్ కొడతా ఉంటారు. యాప్ ఒక్క మనిషి ఫోన్లో మాత్రం పెట్టొద్దండి, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఇవ్వండి, గోడకు నంబర్లు నొక్కే కీప్యాడ్ కూడా పెట్టించుకోని చుట్టాలకు ఒక నంబర్ ఇచ్చి వాళ్ళు పోయినాక మార్చేయండి. ఇంటి దగ్గరికి రాంగానే గేటు దానంతటదే తెరుచుకునే జీపీఎస్ సెట్టింగ్ ఉంటాది, అది మాత్రం వద్దు. ఎయిర్ బైపాస్ రోడ్డు మీద పోతా ఉంటేనే వెనక సందులో ఇంటి గేటు తెరుచుకున్న ఇల్లు నాకు తెలుసు.

మిగతావి చిన్నవే. వైఫై రౌటర్ పైన హాల్లో ఉంటాది, గేటు కింద కాంపౌండ్ చివర్న ఉంటాది, మధ్యలో కాంక్రీటు, రిలేనేమో ఇనప పెట్టెలో పెట్టి మూత వేస్తారు, సిగ్నల్ యాడ నుంచి వస్తాది? ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి బయట తగిలించండి. వైర్లు పోయే బొక్కలు సిలికాన్‌తో పూడ్చండి, లేకపోతే బల్లులు, చీమలు దూరతాయి, బోర్డు మీద బల్లి అడ్డంగా పడి చచ్చి షార్ట్ అయిన మోటార్లు వానాకాలంలో మా దగ్గరికి వస్తానే ఉంటాయి. మోటారును విడదీసి గేటును చేత్తో తోసుకునే రిలీజ్ చెవి ఒకటి ఇస్తారు, అది యాడుందో ఇంట్లో అందరికీ తెలియాల, జాస్తి ఇళ్ళలో అది మోటారుతో వచ్చిన ప్లాస్టిక్ కవర్‌లోనే బీరువాలో ఉంటాది.

మళ్ళీ ఈ సబ్జెక్ట్ మీద వేసేటప్పుడు ఆ అమెరికా ఫోటో బదులు మన స్లైడింగ్ గేటు మోటారు బోర్డు ఫోటో ఒకటి, రిలీజ్ చెవి ఎట్ల తిప్పాలో చూపించే ఫోటో ఒకటి వేయండి సార్. నా ఫోన్లో కావాల్సినన్ని ఉండాయి, ఆ ఎర్ర వైరు ముక్కవి కూడా, అడిగితే పంపిస్తా.

ఇట్లు,
గేటు మోటార్ల ఫిట్టర్,
కొర్లగుంట, తిరుపతి